బరంపురం వార్డులు గోపాల్‌పూర్ సీటులోకి ఎందుకు పోయాయి? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో నియోజకవర్గాలు గీసే లెక్క

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. బరంపురం ఊళ్లోనే ఉంటున్నా మీ ఓటు గోపాల్‌పూర్ నియోజకవర్గంలో ఎందుకుంది? గజపతి జిల్లాకు రెండే సీట్లు ఎందుకు? గంజాం నుంచి కోరాపుట్ దాకా తెలుగువాళ్ల ఓట్లను కావాలనే చీల్చారా? వచ్చే నియోజకవర్గాల పునర్విభజనలో (డీలిమిటేషన్‌లో) మనం చేయగలిగింది ఏమైనా ఉందా? చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. కానీ మొదటి మూడూ అర్థం కాకుండా దానికి జవాబు చెబితే ఉపయోగం ఉండదు.

ఇప్పుడున్న గీతలు ఒడిశా ప్రభుత్వం గీసినవి కావు, ఎన్నికల సంఘం తనంతట తాను గీసినవీ కావు. డీలిమిటేషన్ చట్టం 2002 కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2001 జనగణనను ఆధారం చేసుకుని గీసింది. ఆ పని అంతా కలిపి 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చింది. కమిషన్‌లో ముగ్గురే సభ్యులు: సుప్రీంకోర్టు ప్రస్తుత లేదా మాజీ న్యాయమూర్తి, ఎన్నికల సంఘం ప్రతినిధి, ఆ రాష్ట్ర ఎన్నికల కమిషనర్. వీళ్లకు తోడుగా రాష్ట్రం నుంచి అయిదుగురు లోక్‌సభ సభ్యులు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు. వాళ్లను లోక్‌సభ స్పీకరు, అసెంబ్లీ స్పీకరు నియమిస్తారు. వాళ్లు మాట్లాడవచ్చు, ప్రత్యామ్నాయం చూపించవచ్చు, ఓటు వేయడానికి మాత్రం హక్కు లేదు. కమిషన్ ప్రతిపాదనతో ఏకీభవించకపోతే వాళ్ల భిన్నాభిప్రాయం కూడా ముసాయిదాతో పాటే గెజిట్‌లో అచ్చవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. దీన్ని ఎలా వాడుకోవాలో చివర్లో చెబుతాను.

ఇక లెక్క. ఒడిశా అసెంబ్లీలో 147 స్థానాలు. 2001లో రాష్ట్ర జనాభా 3,68,04,660. భాగిస్తే సీటుకు సుమారు 2,50,400. తర్వాత ఒక్కో జిల్లా జనాభాను ఈ సగటుతో భాగించి, వచ్చిన భిన్నాన్ని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తారు. జిల్లా దాటి నియోజకవర్గం పోకూడదన్నది కమిషన్ పెట్టుకున్న నియమం. మన జిల్లాల సంగతి చూడండి. గంజాం 31.60 లక్షలు, భాగిస్తే 12.6, కాబట్టి 13 సీట్లు. గజపతి 5.18 లక్షలు, 2.07, కాబట్టి 2. రాయగడ 8.31 లక్షలు, 3.3, కాబట్టి 3. కోరాపుట్ 11.80 లక్షలు, 4.7, కాబట్టి 5. నవరంగపురం 10.25 లక్షలు, 4.1, కాబట్టి 4. మల్కనగిరి 5.04 లక్షలు, 2. గజపతికి రెండే సీట్లు రావడంలో రహస్యం ఏమీ లేదు. పర్లాకిమిడి, మోహనా, అంతే.

ఈ సవరింపులోనే అసలు తేడా పుడుతుంది. రాయగడ జిల్లాలో సీటుకు సగటున 2.77 లక్షల మంది, పక్కనే కోరాపుట్‌లో 2.36 లక్షల మంది. అంటే రాయగడలో ఒక ఎమ్మెల్యే కోరాపుట్ ఎమ్మెల్యే కన్నా దాదాపు 17 శాతం ఎక్కువ మందికి జవాబుదారీ. ఎవరి పక్షపాతమూ కాదు ఇది. 3.3ను 3 చేయడం, 4.7ను 5 చేయడం, అంతే. రాయగడకు నాలుగో సీటు ఇచ్చి ఉంటే సగటు 2.08 లక్షలకు పడిపోయేది, అది ఇంకా పెద్ద తేడా. మా జిల్లాకు అన్యాయం జరిగిందని ఎవరైనా అన్నప్పుడు ముందు ఈ భాగహారం చేసి చూడమని చెప్పండి.

జిల్లాకు ఎన్ని సీట్లో తేలాక లోపల గీతలు గీస్తారు. చట్టంలో తొమ్మిదో సెక్షన్ చెప్పేవి ఇవి: ప్రాంతం ఒక్కచోట కలిసి ఉండాలి, కొండలు, నదుల్లాంటి భౌగోళిక స్వరూపం చూడాలి, ఇప్పటికే ఉన్న పాలనా సరిహద్దులు చూడాలి, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలి. జనాభా సగటుకు పది శాతం అటూ ఇటూ ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఒడిశాలో ఇటుకలుగా వాడింది బ్లాకులను, గ్రామ పంచాయతీలను, పట్టణాల్లో వార్డులను. బ్లాకు మొత్తం ఒకే సీటులో ఇమిడితే సరే, లేకపోతే పంచాయతీల పేర్లు చెప్పి విడదీశారు. పంచాయతీని మాత్రం సాధారణంగా ముక్కలు చేయరు.

ఇప్పుడు మీ బరంపురం. 2001లో మునిసిపాలిటీ జనాభా సుమారు 3.07 లక్షలు. సగటు 2.50 లక్షలు, పది శాతం కలిపినా 2.75 లక్షలు. ఊరు మొత్తం ఒక సీటులో పట్టదు. రెండు సీట్లకు సరిపోదు. మిగిలిన జనాన్ని ఏదో ఒక వైపు కలపాలి. రంగైలుండ బ్లాకు ఊరిని ఆనుకునే ఉంది, కాబట్టి కొన్ని వార్డులు గోపాల్‌పూర్ సీటులోకి వెళ్లాయి. మీ వీధి ఆ అంచున ఉంది, అదీ జరిగింది.

ఇక్కడ తరచూ పడే చిక్కు ఒకటుంది. కమిషన్ ఉత్తర్వులో రాసిన వార్డు నంబర్లు అప్పటి మునిసిపాలిటీ వార్డులవి. పాలనా విభాగాలను 2004 ఫిబ్రవరి 15 నాటికి ఎలా ఉన్నాయో అలాగే తీసుకున్నారు. ఆ తర్వాత 2008 డిసెంబరులో బరంపురం కార్పొరేషన్ అయింది, వార్డులు మళ్లీ గీశారు, నంబర్లు మారాయి. ఇవాళ్టి కార్పొరేటర్ వార్డు నంబరు పట్టుకుని అసెంబ్లీ సీటు వెతికితే తప్పు చోటికి వెళతారు. వార్డు ఎన్నిసార్లు మారినా అసెంబ్లీ గీత కదలదు. చట్టంలోని పదకొండో సెక్షన్ ప్రకారం అచ్చు తప్పులు దిద్దడానికి, జిల్లా పేరో విభాగం పేరో మారితే ఆ పేరు సవరించడానికి మాత్రమే ఎన్నికల సంఘానికి అధికారం ఉంది. విస్తీర్ణం మార్చే అధికారం లేదు. పల్లెల్లోనూ ఇదే చిక్కు. తర్వాత విడదీసిన కొత్త పంచాయతీ పేరు ఉత్తర్వులో దొరకదు. మీ ఊరు 2004లో ఏ పంచాయతీ కింద ఉండేదో తెలుసుకుని ఆ పేరుతో వెతకాలి. మీ సీటు ఏదో ఖాయంగా తెలియాలంటే సులువు దారి ఓటరు జాబితా మొదటి పేజీ. దాని మీద నియోజకవర్గం నంబరు, పేరు, భాగం సంఖ్య ఉంటాయి. బరంపురం 133, గోపాల్‌పూర్ 132.

లోక్‌సభ సీట్లకు వేరే కొలత. ఒక అసెంబ్లీ సీటు మొత్తం ఒకే లోక్‌సభ సీటులో ఉండాలి. ఒడిశాలో 21 లోక్‌సభ సీట్లు, ఒక్కోదానికి ఏడేసి అసెంబ్లీ సీట్లు. అందుకని జిల్లా గీతలను దాటేశారు. గజపతి జిల్లా రెండు సీట్లూ బరంపురం లోక్‌సభలో ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్ మాత్రం కోరాపుట్ లోక్‌సభలో కాక నవరంగపురంలో ఉంది. గుణుపురం వాళ్లకు పర్లాకిమిడి పక్కనే ఉన్నా ఎంపీ వేరు.

తెలుగువాళ్ల ఓట్ల సంగతి. నేను చదివినంతవరకు చట్టంలో గానీ కమిషన్ పెట్టుకున్న నియమాల్లో గానీ భాష ఒక కొలమానం కాదు. భాషను చూసి కలపడమూ లేదు, భాషను చూసి విడదీయడమూ లేదు. మన జనం బరంపురం నగరంలో, గోపాల్‌పూర్ తీరంలో, చికిటి వైపు, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం దాకా సరిహద్దు వెంట పొడుగ్గా పరుచుకుని ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడినప్పుడు గంజాం, పర్లాకిమిడి భాగం, జయపురం ఏజెన్సీ మద్రాసు నుంచి అటు వెళ్లాయి. గీత ఎక్కడ గీసినా ఇరువైపులా రెండు భాషలవాళ్లూ మిగిలారు. ఇలా పొడుగ్గా పరుచుకున్న జనాన్ని రెండున్నర లక్షల చొప్పున కోస్తే ఎవరు కోసినా ముక్కలవుతారు. దీన్ని కుట్ర అని కమిషన్ ముందు చెప్పడం వల్ల ఏమీ రాదు. అదే విషయాన్ని రోడ్డు, సంత, ఆసుపత్రి, బ్లాకు ఆఫీసు భాషలో చెబితే చట్టం ఒప్పుకునే వాదన అవుతుంది. ఎందుకంటే ఒకే భాష మాట్లాడే ఊళ్లు చాలావరకు ఒకే సంతకు వెళతాయి, ఒకే బస్సు ఎక్కుతాయి. ప్రజల వీలు అనే మాట చట్టంలోనే ఉంది.

రాకపోకలు ఎంత బరువైన కారణమో మల్కనగిరి జిల్లాలో చూడవచ్చు. చిత్రకొండ సీటులో బలిమెల జలాశయం అవతలి ఊళ్లకు దశాబ్దాల పాటు లాంచీయే దారి. మ్యాపు మీద అంతా ఒక్క ముక్కలా కనిపించేది. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక గానీ ఆ ఊళ్లకు రోడ్డు కలవలేదు. మీ వాదనలో మ్యాపు మీది దూరం కాదు, ప్రయాణ సమయం రాయండి.

రిజర్వేషన్ల మీద అపోహలు చాలా ఉన్నాయి. ఎస్టీ సీట్ల సంఖ్య రాష్ట్ర జనాభాలో వాళ్ల వాటాను బట్టి వస్తుంది. 2001లో 22.13 శాతం, 147తో గుణిస్తే 32.5, కాబట్టి 33. ఎస్సీ 16.53 శాతం, 24.3, కాబట్టి 24. ఎస్టీ సీట్లను వాళ్ల నిష్పత్తి ఎక్కడ అత్యధికమో అక్కడ పెడతారు. ఎస్సీ సీట్లను మాత్రం నిష్పత్తి ఎక్కువ ఉన్నచోట్లలోనే, రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచుతూ పెట్టాలి. అందుకే రాయగడ, నవరంగపురం, మల్కనగిరి జిల్లాల్లో ప్రతి సీటూ ఎస్టీయే. గంజాంలో ఖల్లికోట, ఛత్రపురం ఎస్సీ. కోరాపుట్ పట్టణం ఉన్న సీటు ఎస్సీ, జయపురం జనరల్. పైన చెప్పిన ఆరు జిల్లాల్లో కలిపి 29 సీట్లుంటే 13 ఎస్టీ, 3 ఎస్సీ, 13 జనరల్. సర్పంచి పదవిలో లాగ ప్రతి ఎన్నికకూ ఇవి మారవు. మళ్లీ పునర్విభజన జరిగేదాకా అలాగే ఉంటాయి. వచ్చే ఎన్నికకు మా సీటు జనరల్ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సరిహద్దులో ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరు ఎక్కడ పోటీ చేయవచ్చన్నది. అసెంబ్లీకి నిలబడాలంటే ఆ రాష్ట్రంలోనే ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. లోక్‌సభకు దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు. పి.వి. నరసింహారావు గారు మహారాష్ట్రలో రాంటెక్ నుంచి, 1996లో బరంపురం నుంచి లోక్‌సభకు గెలవడం అందుకే కుదిరింది. ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో ఓటు ఉన్న మనిషి బరంపురం లోక్‌సభకు నామినేషన్ వేయవచ్చు, చికిటి అసెంబ్లీకి వేయలేడు. రిజర్వుడు సీట్లలో కూడా ఇదే తేడా. అసెంబ్లీ ఎస్టీ సీటుకు ఒడిశా జాబితాలోని తెగకు చెంది ఉండాలి. ఆంధ్రాలో తీసుకున్న కుల ధ్రువపత్రం అక్కడ చెల్లదు. లోక్‌సభ రిజర్వుడు సీటుకు ఏ రాష్ట్రపు జాబితాలో ఉన్నా సరిపోతుంది. నామినేషన్ల పరిశీలన రోజున ఇది తెలిసి బాధపడడం కన్నా ముందే చూసుకోవాలి.

కొటియా ఊళ్ల గురించి కూడా చెప్పాలి. అటు ఆంధ్రాలో సాలూరు సీటు, ఇటు ఒడిశాలో పొట్టంగి సీటు. రెండు రాష్ట్రాలూ తమవే అంటున్న ఆ పల్లెల్లో చాలామంది పేర్లు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. డీలిమిటేషన్ కమిషన్ ఈ గొడవ తేల్చదు, తేల్చలేదు. రాష్ట్ర సరిహద్దును ఉన్నది ఉన్నట్టు తీసుకుని లోపల మాత్రమే గీస్తుంది. సరిహద్దు మార్చేది పార్లమెంటు, రాష్ట్రాల మధ్య వివాదం వినేది సుప్రీంకోర్టు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950లోని 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే ఉండాలి. అక్కడి గిరిజనులు రేషన్ కోసం, పింఛను కోసం రెండు కార్డులు పెట్టుకోవడం ఎందుకో నాకు పూర్తిగా అర్థమవుతుంది. వాళ్లను తప్పుపట్టే పని కాదిది. కానీ కొటియా బయట పెళ్లి చేసుకునో ఉద్యోగం వచ్చో సరిహద్దు దాటిన వాళ్లు మాత్రం ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోవాలి. ఫారం 6 కొత్త ఓటరుకు మాత్రమే. ఇంకో చోట పేరు ఉండగా లేదని ఫారం 6లో రాసిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ పోలింగ్ కేంద్రం ఓటరు జాబితా చూసే బీఎల్ఓను పట్టుకోండి.

ఇక వచ్చే పునర్విభజన. 1971 జనగణన మీద నిలిచిపోయిన మొత్తం సీట్ల సంఖ్యను 84వ రాజ్యాంగ సవరణ 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా కదపకుండా ఉంచింది. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. మూడో వంతు మహిళా రిజర్వేషన్ తెచ్చిన 2023 నాటి 106వ సవరణ కూడా దాని అమలును జనగణనకూ, ఆ తర్వాతి పునర్విభజనకూ ముడిపెట్టింది. జనగణన కోసం పాలనా సరిహద్దులను 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 దాకా మార్చకూడదన్నారు. కాబట్టి ఇప్పుడు కొత్త పంచాయతీ కోసం, కొత్త బ్లాకు కోసం అర్జీలు పెట్టినా ఈ లెక్కలోకి రావు.

గంజాం వాళ్లు జాగ్రత్తగా చూడాల్సినది ఒకటుంది. 2011 జనాభాతో అదే భాగహారం చేస్తే రాష్ట్ర సగటు సుమారు 2,85,500. గంజాం 35,29,031, అంటే 12.36. సీట్లు 147గానే ఉండి ఆ లెక్కనే వాడి ఉంటే గంజాంకు ఒక సీటు తగ్గేది. వాడేది ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. సూరత్ మిల్లుల్లో పనిచేసే మన పిల్లల ఓటు ఇక్కడే ఉన్నా, జనగణన సమయంలో వాళ్లు అక్కడే ఉంటుంటే అక్కడే లెక్కకు వస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లంతా తప్పకుండా లెక్కలో నమోదు కావడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్లీ వచ్చేదాకా వెంటపడాలి. మాతృభాష అడిగినప్పుడు తెలుగు అని చెప్పండి. దానివల్ల గీతలు మారవు, బడుల విషయంలో అర్జీ పెట్టేటప్పుడు మాత్రం ఆ అంకె చేతిలో ఉంటుంది.

ముసాయిదా గెజిట్‌లో వచ్చాక అభ్యంతరాలకు గడువు తేదీ ఇస్తారు, తర్వాత బహిరంగ విచారణ పెడతారు. ఆ గడువు చిన్నది. లెక్కలు ముందే సిద్ధంగా లేకపోతే అప్పుడు కూర్చుని చేయడం కుదరదు. చాలా అర్జీలు ఓడిపోయేది ఒకే కారణంతో: మా పంచాయతీలను ఫలానా సీటులో కలపండి అని రాసి ఊరుకుంటారు, మిగతా సీటు ఏమవుతుందో చెప్పరు. 2011 సగటునే పట్టుకుని చూద్దాం. పది శాతం హద్దులు సుమారు 2.57 లక్షల నుంచి 3.14 లక్షలు. ముసాయిదాలో ఒక సీటు జనాభా 2,95,000, పక్కది 2,62,000 అనుకోండి. రెండో దాంట్లో ఉన్న మీ నాలుగు పంచాయతీల జనాభా 22,000. వాటిని మొదటి దాంట్లో కలపమంటే అది 3,17,000 అవుతుంది, రెండోది 2,40,000కు పడిపోతుంది. రెండూ హద్దు దాటాయి, అర్జీ అక్కడే ఆగిపోయింది. అదే మొదటి సీటు ఇంకో అంచున ఉన్న 20,000 జనాభా గల పంచాయతీలను అటు పంపమని చూపిస్తే 2,97,000, 2,60,000 అవుతాయి. రెండూ హద్దులోనే ఉన్నాయి, చదివేవాళ్లు తోసిపుచ్చలేరు. ఆ పంపే పంచాయతీల వాళ్లతో ముందే మాట్లాడి వాళ్ల తీర్మానం కూడా జతచేస్తే ఇంకా మంచిది. లేకపోతే విచారణలో వాళ్లే లేచి మీకు ఎదురు చెబుతారు.

అర్జీకి జతచేయాల్సినవి: పంచాయతీ వారీ, ఊరి వారీ జనగణన జనాభా పట్టిక, ఎస్సీ, ఎస్టీ సంఖ్యలు విడిగా. బ్లాకు మ్యాపు మీద పాత గీత, ముసాయిదా గీత, మీ గీత మూడు రంగుల్లో. రోడ్డు దారిన బ్లాకు ఆఫీసుకు, ఆసుపత్రికి ఎంత సమయం పడుతుందో. పల్లీసభ లేదా గ్రామసభ తీర్మానం. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయండి, రెండు పేజీలు దాటనివ్వకండి. ఎస్టీ సంఖ్య తప్పక చూసుకోండి. మీ మార్పువల్ల పక్క సీటు రిజర్వేషనే మారిపోయే పరిస్థితి వస్తే ప్రతిఘటన పదింతలవుతుంది. ఏ పార్టీకి లాభమో, ఎవరి ఓట్లు ఎటు పోతాయో ఒక్క వాక్యం కూడా రాయకండి.

దీనికన్నా ముందు చేయాల్సింది సహ సభ్యుల దగ్గరికి వెళ్లడం. పేర్లు ప్రకటించగానే మన ప్రాంతపు ఎమ్మెల్యే, ఎంపీ ఎవరైనా అందులో ఉన్నారేమో చూడండి. లేకపోతే పక్క జిల్లా సభ్యుడినైనా కలవండి. ముసాయిదా బయటకు రాకముందే కమిషన్ పనిపత్రం (వర్కింగ్ పేపర్) వాళ్ల చేతికి వస్తుంది. మీ పట్టిక వాళ్ల భిన్నాభిప్రాయంగా గెజిట్‌లోకి ఎక్కితే విచారణలో దాని విలువే వేరు.

తుది ఉత్తర్వు వచ్చాక దారి దాదాపు మూసుకుపోతుంది. దానికి చట్టమంత బలం ఉంటుంది, పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ మార్చలేవు. రాజ్యాంగం 329వ అధికరణం ప్రకారం కోర్టులో ప్రశ్నించకూడదు, మేఘరాజ్ కొఠారీ కేసులో 1966లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. పూర్తిగా ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే న్యాయసమీక్ష చేయవచ్చని 2024లో అదే కోర్టు చిన్న కిటికీ తెరిచింది. నాలుగు పంచాయతీలు అటు పోయాయన్న ఫిర్యాదు ఆ కిటికీలో పట్టదు. ఆ ఫిర్యాదు వినేది ముసాయిదాకు, గడువు తేదీకి మధ్య ఉన్న ఆ కొద్ది వారాల్లోనే.